చెట్టు వేషము వేసిన స్తంభము

"నా స్థలము నాది. అందులో నా యిష్టము వచ్చినది కట్టుకొందును. అడుగుటకు నీవెవ్వడవు?" అని ఒకడు పొరుగువానితో అనుట లోకమున అపుడపుడు విందుము. ఈ మాట కొంతవఱకు నిజమే. కాని అతడు ఇండ్ల నడుమ ఇటుకల బట్టీ పెట్టినచో ఆ పొగ అతని గోడను దాటకుండునా? గడ్డివాములను పొరుగు చూరునకు తగులునట్లు వేసినచో, నిప్పు పుట్టిననాడు అది ఎవరి గడ్డి, ఎవరి చూరు అని చూచునా? అందుచేతనే మన పల్లెలలో పెద్దలు ఇటుకల బట్టీలను, సున్నపు బట్టీలను, కల్లములను ఊరి వెలుపల నుంచిరి. ఈ నియమము ఏ కాగితముమీదను వ్రాయబడలేదు. అయినను ఊరివారందఱు దానిని ఎఱుగుదురు, పాటించుదురు.

పెద్ద నగరములలో ఇట్టి నియమములు నోటిమాటగా నిలువవు. అచట ఒకరినొకరు ఎఱుగని లక్షలాది జనులు ప్రక్క ప్రక్కనే నివసించుచుందురు. కావున ఏ భాగమున ఇండ్లుండవలెను, ఏ భాగమున అంగళ్లుండవలెను, కర్మాగారములెచ్చట ఉండవలెను, కట్టడములెంత ఎత్తు లేవవచ్చును అను విషయములను చట్టముగా వ్రాసికొందురు. నగరమును ఇట్లు భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క నియమమును ఏర్పఱచుటకు జోనింగు అని పేరు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూయార్కు నగరమున 1915వ సంవత్సరమున ఈక్విటబుల్ బిల్డింగు అను 38 అంతస్తుల మేడ పూర్తియయ్యెను. అది వీధి అంచునుండి నిలువుగోడవలె పైకి లేచి, పరిసరములందలి వీధులకు ఎండను, గాలిని అడ్డగించెను. మఱుసటి సంవత్సరమే, అనగా 1916లో, ఆ నగరము కట్టడముల ఎత్తును, వాటి ఉపయోగమును నిర్ణయించు జోనింగు చట్టమును చేసెను. పిమ్మట ఒహాయో రాష్ట్రమునందలి యూక్లిడ్ అను చిన్న ఊరు అట్టి చట్టమునే చేయగా, అచట భూములుగల ఒక సంస్థ "మా భూమిపై మాకుగల స్వేచ్ఛను ఈ చట్టము హరించుచున్నది" అని న్యాయస్థానమున మొఱపెట్టుకొనెను. 1926లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఊరి పక్షముననే తీర్పు చెప్పెను. జనుల ఆరోగ్యము కొఱకును, క్షేమము కొఱకును ఊరు తన నేలను భాగములుగా విభజించి నియమములు చేసికొనవచ్చునని ఆ తీర్పు సారాంశము. నాటినుండి అమెరికాలోని ఊళ్లకు ఈ అధికారము స్థిరపడెను.

ఆ కాలమున ఊళ్లను కలవరపెట్టినవి పొగగొట్టములు, ఎత్తైన మేడలు మాత్రమే. తరువాతి కాలమున ఇంకొక క్రొత్త కట్టడము వచ్చెను. అదియే నిస్తంత్రి స్తంభము. మనము దానిని సెల్‌ఫోను టవరు అందుము.

సెల్‌ఫోను చేతిలో ఇముడునంత చిన్న యంత్రము. దానిలో మాటలను రేడియో తరంగములుగా మార్చి పంపు భాగమొకటి, వచ్చు తరంగములను గ్రహించి మరల మాటలుగా మార్చు భాగమొకటి ఉండును. 1973 ఏప్రిల్ 3వ తేదీన మార్టిన్ కూపర్ అను ఇంజనీరు న్యూయార్కు వీధిలో నిలిచి, చేతిలో పట్టుకొను ఫోనుతో తొలిసారి మాటలాడెను. పదేండ్లకు, 1983లో, షికాగో నగరమున ఇట్టి సేవ ప్రజలకు లభించెను. మన దేశమున 1995 జూలై 31వ తేదీన కలకత్తానుండి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో సెల్‌ఫోనులో తొలిసారి సంభాషించెను.

చేతిలోని ఫోను నేరుగా దూరమున నున్న మఱియొక ఫోనుతో మాటలాడదు. దానికంత శక్తి లేదు. అది దగ్గఱనున్న స్తంభమునకు మాత్రమే తన తరంగములను పంపగలదు. ఆ స్తంభము శిఖరమున యాంటెన్నాలుండును. అవి ఆ తరంగములను అందుకొనును. అచటినుండి మాట భూమిలోని తీగల వెంట గాని, మఱియొక రేడియో మార్గమున గాని ప్రయాణించి, అవతలివాని సమీపమునందలి స్తంభమును చేరి, తుదకు అతని ఫోనునకు అందును. ఒక్కొక్క స్తంభము తన చుట్టునుగల కొంత ప్రదేశమునకు మాత్రమే సేవ చేయగలదు. ఆ ప్రదేశమునకు ఆంగ్లమున సెల్ అని పేరు. తేనెపట్టులోని గదులు ఒకదానినొకటి అంటియున్నట్లు ఈ సెల్లులు ఊరంతట వ్యాపించియుండును. అందువలననే ఈ యంత్రమునకు సెల్‌ఫోను అను పేరు కలిగినది.

ఇందులో ఒక చిక్కున్నది. తరంగము దూరమేగిన కొలది బలహీనమగును. కొండలు, దట్టమైన చెట్లు, మందమైన గోడలు దానిని మఱింత అడ్డగించును. అందుచేత యాంటెన్నాలు చెట్లకును, కప్పులకును పైగా నుండవలెను. అవి జనులున్న చోటికి దగ్గఱగాను ఉండవలెను. ఫోనులు వాడువారు అధికమైన కొలది స్తంభముల సంఖ్యయు అధికము కావలసివచ్చును. పొగగొట్టమును ఊరికి పది మైళ్ల దూరమున నిలిపినను కర్మాగారము నడచును. స్తంభమును అట్లు దూరముగా నిలిపినచో ఊరిలోని ఫోనులు మూగవోవును.

కావున తగవు తప్పదు. అందఱికిని ఫోను కావలెను. అర్ధరాత్రమున ఇంట నెవరికైన జబ్బు చేసినపుడు వైద్యసహాయమునకు కబురుపెట్టుటకు అది కావలెను. కాని తన ఇంటి ప్రక్క స్తంభమును కోరువారు అరుదు. కిటికీ తెఱచినంతనే ఇనుపస్తంభము కంటబడునని ఒకరందురు. ఇంటి వెల తగ్గునని ఒకరందురు. గాలివానకు కూలునేమో యని ఒకరు భయపడుదురు. తరంగములవలన ఆరోగ్యమునకు హాని కలుగునేమో యని మఱియొకరు శంకింతురు. వీరిలో ఎవరిని తీసివేయగలము? ఇల్లు కట్టుకొన్నవాని ఆవేదన నిజమైనది. ఫోను అందక కష్టపడువాని ఆవేదనయు నిజమైనదే.

ఈ తగవును తీర్చుటకై అమెరికా కాంగ్రెసు 1996లో ఒక మార్గమును చూపెను. ఆ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన అమలులోనికి వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టములో స్తంభములనుగూర్చి ఒక భాగమున్నది. స్తంభమెచ్చట నుండవలెను, ఎంత ఎత్తుండవలెను అని నిర్ణయించు అధికారము ఊరిదేనని ఆ చట్టము ఒప్పుకొన్నది. కాని ఆ అధికారమునకు కొన్ని కట్టుబాట్లను విధించినది. ఊరు ఒక సంస్థకు అనుమతినిచ్చి, అట్టిదే యైన మఱియొక సంస్థకు అన్యాయముగా నిరాకరింపరాదు. ఊరిలో నిస్తంత్రి సేవయే లేకుండునట్లు నియమములు చేయరాదు. వచ్చిన అర్జీని తగినకాలములో పరిష్కరింపవలెను. నిరాకరించినచో ఆ నిర్ణయము వ్రాతమూలకముగా నుండవలెను. దానికి తగిన సాక్ష్యాధారముండవలెను. కేంద్ర కమ్యూనికేషన్స్ కమిషను విధించిన పరిమితికి లోబడి నడచు స్తంభమును, తరంగముల ప్రభావమును కారణముగా చూపి ఊరు నిరాకరింపరాదు. ఈ విషయమున పరిమితులను నిర్ణయించు భారము కమిషనుదే. ఊరి నిర్ణయమువలన నష్టపడినవారు 30 దినములలోపల న్యాయస్థానమునకు పోవచ్చును.

తగినకాలమనగా ఎంత? 2009లో ఆ కమిషను దీనికి లెక్క కట్టెను. ముందే యున్న స్తంభముపై క్రొత్త యాంటెన్నాలను చేర్చు అర్జీకి 90 దినములు, క్రొత్త స్తంభము కోరు అర్జీకి 150 దినములు తగిన గడువని చెప్పెను.

ఇక స్తంభముల రూపము మాట. ఇనుపస్తంభము కంటికి ఇంపుగా నుండదను ఆక్షేపణకు సమాధానముగా సంస్థలు ఒక ఉపాయము పన్నినవి. అవి స్తంభమునకు వేషము వేయసాగినవి. కొన్నిచోట్ల అది జెండాకఱ్ఱవలె నుండును. కొన్నిచోట్ల చర్చి శిఖరములో దాగియుండును. ఎడారి ప్రాంతములలో తాళవృక్షమువలెను, అడవులుగల ప్రాంతములలో పైన్ వృక్షమువలెను నిలుచును. దాని మ్రాను ఉక్కుతో చేయబడును. కొమ్మలును, ఆకులును కృత్రిమములు. ఆ కొమ్మల నడుమ యాంటెన్నాలు దాగియుండును. దూరమునుండి చూచువారు దానిని చెట్టే యని భ్రమపడుదురు. దగ్గఱకు పోయి చూచినచో దానిపై పక్షి గూడు గాని, దాని క్రింద రాలిన ఆకు గాని కానరాకపోవచ్చును.

ఇట్టి చెట్టునుగూర్చియే ఒక తగవు పుట్టి, దేశమునందలి అత్యున్నత న్యాయస్థానమువఱకు పోయినది. ఆ కథ తెలిసికొనదగినది.

జార్జియా రాష్ట్రమున అట్లాంటా మహానగరమునకు ఉత్తరమున రాస్వెల్ అను నగరమున్నది. ఆ మహానగరపు పరిసరములలో ఉద్యోగములకై వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబములును అనేకములు కలవు. 2010 ఫిబ్రవరిలో టీ-మొబైల్ అను ఫోను సంస్థ రాస్వెల్ నగరపాలక సంఘమునకు ఒక అర్జీ పెట్టుకొనెను. నివాసముల నడుమ 2.8 ఎకరముల ఖాళీ స్థలమొకటి యున్నది. అందులో 108 అడుగుల ఎత్తుగల స్తంభమును నిలుపుటకు అనుమతి కావలెనని దాని కోరిక. 108 అడుగులనగా దాదాపు పది అంతస్తుల మేడయంత ఎత్తు. ఆ స్తంభమునకు పైన్ వృక్షము వేషము వేయుదుమని సంస్థ చెప్పెను. అయినను చుట్టునుగల నిజమైన పైన్ వృక్షములకంటె అది కనీసము 20 అడుగులు ఎత్తుగా నుండును.

రాస్వెల్ నగరమునకు ఇట్టి స్తంభములనుగూర్చి స్వంత నియమములు కలవు. వేషము వేసిన స్తంభము ఆ ప్రదేశపు సహజ ప్రకృతికిని, చుట్టునుగల కట్టడములకును పొసగియుండవలెనని వాటిలో నొకటి. నగర ప్రణాళికా విభాగమువారు అర్జీని పరిశీలించిరి. ఇరుగుపొరుగువారు దానికి విరుద్ధముగా పంపిన లేఖలను, సంతకములు చేసిన విజ్ఞప్తులను కూడ చూచిరి. చూచి, అర్జీ నగర నియమములకు సరిపోయినదని, కొన్ని షరతులతో అనుమతి నీయవచ్చునని సంఘమునకు నివేదించిరి.

2010 ఏప్రిల్ 12వ తేదీన నగరపాలక సంఘము బహిరంగ సభ జరపెను. ఆ సభ రెండు గంటలు సాగెను. మొదట ప్రణాళికా విభాగమువారు, పిమ్మట సంస్థ ప్రతినిధులు, పిమ్మట పౌరులు మాటలాడిరి. తరువాత సంఘ సభ్యులు తమ తమ అభిప్రాయములను చెప్పిరి. విద్యుత్తు పోయినపుడు ఆపత్సమయమున స్తంభము పనిచేయుటకు జనరేటరు లేదని ఒకరు చింతించిరి. స్తంభము ఆ ప్రదేశమునకు పొసగదని ఇతరులు పలికిరి. తుదకు ఒక సభ్యుడు లేచి, స్తంభము మిక్కిలి ఎత్తైనదనియు, సహజ ప్రకృతికి పొసగదనియు, ఇండ్లకు చేరువగా నుండుటచేత పొరుగువారికిని, వారి ఇండ్ల వెలకును హాని కలుగుననియు చెప్పి, అర్జీని తిరస్కరింపవలెనని ప్రతిపాదించెను. ఆ ప్రతిపాదము ఏకగ్రీవముగా నెగ్గెను.

ఇంతవఱకు అంతయు క్రమముగనే జరిగినది. అధికారముగలవారు అర్జీని విచారించిరి. అందఱి మాటలను వినిరి. తమ బుద్ధికి తోచిన నిర్ణయము చేసిరి. పొరపాటు ఆ పిమ్మట జరిగినది.

రెండు దినములకు, ఏప్రిల్ 14వ తేదీన, నగరమునుండి సంస్థకు ఒక లేఖ వెళ్లెను. మీ అర్జీ తిరస్కరింపబడినదని, సభ మినిట్సును నగర కార్యాలయమునుండి పొందవచ్చునని అందులో నున్నది. ఏ కారణముచేత తిరస్కరింపబడినదో ఒక్కమాటయు లేదు. సభలో జరిగిన చర్చను వ్రాసియుంచు పత్రమునకు మినిట్సు అని పేరు. ఆనాటికి సవివరమైన మినిట్సు సిద్ధము కాలేదు. సంఘము వానిని మే 10వ తేదీన ఆమోదించి ప్రకటించెను. అనగా లేఖ వెళ్లిన 26 దినములకు కారణములు కాగితముమీద కానవచ్చినవి.

చట్టము ఇచ్చిన గడువు 30 దినములని పైన చెప్పబడినది. అందులో 26 దినములు కారణమునకై నిరీక్షించుటలోనే గడచెను. మిగిలినవి నాలుగు దినములు. తన అర్జీ ఏల తిరస్కరింపబడినదో తెలియనివాడు ఏ తప్పును ఎత్తిచూపి న్యాయస్థానమునకు పోగలడు? మే 13వ తేదీన, అనగా 29వ దినమున, సంస్థ దావా వేసెను. నగరము చట్టమును ఉల్లంఘించినదని, కారణములతో కూడిన వ్రాతపూర్వకమైన నిర్ణయమును ఇయ్యలేదని వాదించెను.

జిల్లా న్యాయస్థానము సంస్థ వాదమును అంగీకరించెను. నగరము అప్పీలు చేయగా, పై న్యాయస్థానము నగర పక్షమున తీర్పు చెప్పెను. తిరస్కార లేఖయు, తరువాత వచ్చిన మినిట్సును కలిసి చట్టమునకు చాలునని ఆ న్యాయస్థానపు అభిప్రాయము. అంతట సంస్థ సుప్రీంకోర్టున కెక్కెను. 2015 జనవరి 14వ తేదీన ఆ న్యాయస్థానము తీర్పు వెలువరించెను. తొమ్మండుగురు న్యాయమూర్తులలో ఆర్గురు ఒక పక్షమును, మువ్వురు వేఱొక పక్షమును వహించిరి. అధిక సంఖ్యాకుల పక్షమున తీర్పు వ్రాసినవారు జస్టిస్ సోనియా సోటోమేయర్.

ఆ తీర్పులో మూడు విషయములున్నవి. మొదటిది, తిరస్కరించిన ఊరు కారణము చెప్పియే తీరవలెను. ఏల యన, నిర్ణయమునకు తగిన సాక్ష్యాధారమున్నదా లేదా అని న్యాయస్థానము పరీక్షింపవలెనని చట్టము చెప్పుచున్నది. కారణమే తెలియనిచో దానికి ఆధారమున్నదో లేదో ఎట్లు తెలియును? రెండవది, ఆ కారణములు తిరస్కార లేఖలోనే యుండనక్కఱలేదు. మినిట్సులోనున్నను చాలును. ఊళ్లు తమకు అలవాటైన పద్ధతినే అనుసరింపవచ్చును. కాని అవి స్పష్టముగా నుండవలెను. మూడవది, ఆ వ్రాత తిరస్కార లేఖతో ఇంచుమించు ఒకేకాలమున చేతికందవలెను. 26 దినములు గడచిన పిమ్మట వచ్చిన వ్రాత అట్టిది కాదు. కావున రాస్వెల్ నగరము చట్టమును పాటింపలేదని తేలినది.

మినిట్సు వ్రాయుటకు కాలము పట్టదా యని ఎవరైన అడుగవచ్చును. తీర్పులో దానికిని సమాధానమున్నది. మినిట్సు సిద్ధమగువఱకు తిరస్కార లేఖను పంపకుండ ఆగవచ్చును. అర్జీని పరిష్కరించుటకు 90 దినములు గాని, 150 దినములు గాని గడువున్నది గదా! ఆ గడువు లోపల కారణము వ్రాసికొని, పిమ్మట లేఖ పంపినచో ఎవరికిని ఇబ్బంది లేదు.

భిన్నాభిప్రాయము వ్రాసిన ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్సు వాదమును కూడ తెలిసికొనవలెను. కారణములు ఏ సమయమున అందవలెనో చట్టములో ఒక్కమాటయు లేదని ఆయన చూపెను. సంస్థ ప్రతినిధులు ఆ సభలోనే యుండిరి. కారణములను తమ చెవులార వినిరి. గడువు లోపలనే దావా వేయగలిగిరి. కావున వారికి నష్టమేమియు కలుగలేదని ఆయన అభిప్రాయము. ఈ వాదము త్రోసిపుచ్చదగినది కాదు. కాని సభలో పలుమంది పలువిధముల మాటలాడుదురు. ఒకరు జనరేటరు లేదందురు. ఒకరు ఎత్తు ఎక్కువందురు. ఒకరు ఇండ్ల వెల తగ్గునందురు. వీటిలో ఊరు ఏ మాటమీద నిలిచినదో వ్రాతవలననే తేలును. విన్నమాట గాలిలో పోవును. వ్రాసినమాట పదిమంది పరీక్షకు నిలుచును.

మఱి ఈ తగవున గెలిచినవారెవరు? స్తంభమును కట్టనిండని సుప్రీంకోర్టు ఆజ్ఞాపింపలేదు. నగరము చెప్పిన కారణములు మంచివని గాని, చెడ్డవని గాని అనలేదు. నగరము చేసిన తప్పునకు పరిహారమేమో నిర్ణయింపవలసినదని వ్యవహారమును క్రింది న్యాయస్థానమునకు మరల పంపెను. ఊరికిగల అధికారము ఊరికే యున్నది. వద్దని చెప్పదలచిన ఊరు నేటికిని వద్దని చెప్పవచ్చును. ఏల వద్దో కూడ ఆనాడే కాగితముమీద చెప్పవలెను. తీర్పువలన తేలినది ఇంతయే.

రాస్వెల్ నగరపాలకులకు కారణములు లేకపోలేదు. రెండు గంటలు కూర్చుండి విచారించినవారు వారు. తమ పొరుగువారి ఇండ్లను, తమ ఊరి చెట్లను కాపాడవలెనని తలచినవారు. ఆ కారణములను నాలుగు వాక్యములుగా వ్రాసి లేఖతో జతపఱచియున్నచో, తగవు స్తంభమునుగూర్చియే నడచియుండెడిది. వారు అట్లు చేయకపోవుటచేత అది దాదాపు ఐదు సంవత్సరములు లేఖనుగూర్చి నడచినది. వాదించువారి శ్రమయు, ఊరి ధనమును అందులో వ్యయమయినవి. నాలుగు వాక్యముల సోమరితనము ఎంత దూరము పోయినదో చూడుడు!

మన దేశమునందును ఈ సూత్రము చట్టములో చోటు చేసికొన్నది. 2016లో భారత ప్రభుత్వము టెలిగ్రాఫ్ రైట్ ఆఫ్ వే నియమములను చేసెను. స్తంభము నిలుపుటకు వచ్చిన అర్జీని స్థానిక అధికారులు 60 దినములలోపల పరిష్కరింపవలెనని, తిరస్కరించినచో కారణములను వ్రాతమూలకముగా నమోదు చేయవలెనని, అంతకుముందు అర్జీదారుని మాట వినవలెనని అందులో నున్నది. 2023లో క్రొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టము వచ్చినది. దాని క్రింద చేయబడిన క్రొత్త రైట్ ఆఫ్ వే నియమములు 2025 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. తరంగముల విషయమున మన దేశము మఱింత జాగ్రత్త వహించినది. అంతర్జాతీయ సంస్థ సూచించిన పరిమితిలో పదవవంతునే 2012 సెప్టెంబరు 1వ తేదీనుండి మన స్తంభములకు పరిమితిగా విధించినది.

మన ఊళ్లలోను స్తంభములు లేచుచున్నవి. కొన్ని మేడలమీద, కొన్ని పొలముల నడుమ నిలుచున్నవి. వాటినిగూర్చి వీధులలో వాదములును జరుగుచుండును. అట్టి సమయమున కేకలు వేయుట సులభము. వచ్చిన కాగితమును చదువకయే వద్దనుటయు సులభము. పొరుగువారు వద్దన్నను లెక్కచేయక కట్టుటయు కొందఱికి సులభముగనే తోచును. నియమమేమో తెలిసికొని, ఎదుటివాని మాట వినియు, తన మాటకు కారణము చూపియు నిర్ణయించుట కష్టము. పౌరుడు నేర్వవలసిన విద్య అదియే.

ఈ విద్య నగరపాలకులకే కాక పిల్లలకును అవసరము. తరగతి నాయకుడు ఒక బాలుని ఆటలో చేర్చుకొననన్నచో, ఆ బాలుడు మొదట అడుగునది "ఏల?" అని. ఆ ప్రశ్నకు జవాబు దొరకినచో, అది తనకు నచ్చకపోయినను అతడు ఆలోచించును. తన లోపము దిద్దుకొనును, లేదా ఆ జవాబు తప్పని నిరూపించును. జవాబు దొరకనిచో అతని మనసులో కోపమొక్కటియే మిగులును. అధికారము చిన్నదైనను, పెద్దదైనను, కారణము చెప్పగలిగిననాడే అది న్యాయమగును.

ప్రశ్నలు

1. జోనింగు అనగా నేమి? న్యూయార్కు నగరమున అది ఏల అవసరమయ్యెను?
2. సెల్‌ఫోను స్తంభములను ఊరికి దూరముగా నిలుపుట ఏల సాధ్యము కాదు?
3. 1996వ సంవత్సరపు చట్టము ఊళ్ల అధికారమునకు ఏ కట్టుబాట్లను విధించెను?
4. రాస్వెల్ నగరము చేసిన పొరపాటేమి? ఆ పొరపాటువలన సంస్థకు కలిగిన ఇబ్బంది ఎట్టిది?
5. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్సు వాదమును, అధిక సంఖ్యాకుల తీర్పును పోల్చి, మీకు ఏది సబబుగా తోచునో కారణములతో వ్రాయుడు.